పొగాకు గోడౌను రీడింగ్ హాలు అయిన వైనం

గుంటూరులో జీటీ రోడ్డుకు లోపలి వైపు వీధుల్లో ఎత్తైన ఇటుక గోడలు, పెంకుల కప్పు, తుప్పు పట్టిన పెద్ద గేటు కనిపిస్తే అది చాలావరకు ఒకప్పటి పొగాకు కంపెనీయే అయి ఉంటుంది. మా తాతగారిదీ అలాంటిదే. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఆ గోడౌన్‌ను కూల్చకుండా, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు రీడింగ్ హాలుగా మార్చాం. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ పని ముందు, ఏ పని తర్వాత అని మొదట్లో అడుగుదామంటే చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పాత మిల్లో, గోడౌనో ఉన్న కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి.

ఇవి ఎందుకు ఖాళీ అయ్యాయో ముందు చెప్పాలి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో వర్జీనియా పొగాకు సాగు 1920లలో మొదలై బాగా విస్తరించింది. ఊళ్లలో బ్యారన్లలో (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గదుల్లో) కాల్చిన ఆకు మొదట ఎద్దుబళ్ల మీద, తర్వాత లారీల మీద ఈ గోడౌన్లకు వచ్చేది. ఇక్కడ వందలమంది ఆడవాళ్లు కూర్చుని ఆకును రంగును బట్టి ఏరేవాళ్లు, ఈనె తీసేవాళ్లు. తర్వాత దాన్ని బేళ్లు కట్టి ఎగుమతికి పంపేవాళ్లు. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా వచ్చింది. 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం కేంద్రాల్లోనే అమ్మకాలు మొదలయ్యాయి. సాగు మెల్లగా నల్లరేగడి వదిలి ప్రకాశం, నెల్లూరు తేలిక నేలలకు, పశ్చిమ గోదావరి మెట్టకు జరిగింది. ఈనె తీసే పని పెద్ద థ్రెషింగ్ ప్లాంట్లకు పోయింది. చిన్న వ్యాపారుల గోడౌన్లకు పని లేకుండా పోయింది. మాది కొన్నాళ్లు మిర్చి బస్తాలకు, కొన్నాళ్లు ఎరువులకు అద్దెకిచ్చారు. చివరికి అదీ ఆగిపోయింది.

తాళం తీసి లోపలికి వెళ్లిన మొదటిరోజే కళ్లు మండాయి, తుమ్ములు మొదలయ్యాయి. దూలాల మీద ఏళ్లనాటి పొగాకు దుమ్ము పేరుకుని ఉంది. కానీ లోపల వెలుతురు చూసి నిలబడిపోయాను. మధ్యాహ్నం రెండు గంటలకు, బయట ఎండ మాడుస్తుంటే, లోపల ఎక్కడా ఎండ చార పడటం లేదు. అయినా మూల వరకూ సమానంగా వెలుతురు ఉంది. ఉత్తరం గోడ నిండా ఎత్తుగా వరస కిటికీలు, దక్షిణం గోడకు పైన చిన్న గవాక్షాలు. ఆకు రంగు చూసి ఏరాలంటే నేరుగా పడే ఎండ పనికిరాదు, నిలకడైన వెలుతురు కావాలి. నిమ్మపండు పసుపుకూ నారింజకూ మధ్య తేడా ధరలో తేడా. అందుకోసమే ఆ కిటికీలు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు, పెద్దనాన్న చెబితే తెలిసింది. ఆ ఒక్క మాట తర్వాత మేం తీసుకున్న నిర్ణయాలన్నింటికీ ఆధారమైంది.

కాగితాల కంటే ముందు ఇంట్లో వాళ్లను ఒప్పించాల్సి వచ్చింది. తాతగారి తర్వాత వాటాలు పంచుకోలేదు. పెద్దనాన్న, మా నాన్న తరఫున నేనూ అన్నయ్యా, బాబాయ్ పిల్లలు, ఇద్దరు మేనత్తలు. అప్పటికే ఒక బిల్డర్ వచ్చి సగం సగం వాటాకు అపార్ట్‌మెంట్ కడతానని మాట్లాడి వెళ్లాడు. బాబాయ్ కొడుకు అడిగాడు: "అక్కా, అంత స్థలంలో ఐదంతస్తులు లేస్తాయి కదా, పాత గోడలకు డబ్బు పోయడం ఎందుకు?" అది న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఒక్కటే. రెండడుగుల వెడల్పు ఇటుక గోడలు, బర్మా టేకు ట్రస్సులు (కప్పును మోసే చెక్క చట్రాలు) మళ్లీ మనం ఎంత పెట్టినా కట్టలేం. నిలబడి ఉన్నదానికి సరిపోయే వాడకం దొరికితే అద్దె వస్తుంది, స్థలం మన పేరునే ఉంటుంది. కొంతకాలం చూద్దాం, కుదరకపోతే మీ మాటే కానిద్దాం అన్నాను. పెద్దత్త మాత్రం "మా నాన్న కట్టించింది, కూల్చేటప్పుడు నన్ను పిలవకండి" అంది. ఆ మాటతో మిగతావాళ్లు మెత్తబడ్డారు.

అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. వాడి తరఫున నేను సంతకం పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. విదేశంలో రాసిన పవర్ ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి, లేకపోతే చెల్లుబాటులో చిక్కులొస్తాయి. విదేశాల్లో వాటాదారులు ఉన్నవాళ్లు ఈ గడువు గుర్తుపెట్టుకోవాలి. కొరియర్ కవరు కూడా దాచుకోండి, వచ్చిన తేదీకి అదే రుజువు. అందరి సంతకాలతో కుటుంబ ఒప్పందం రాయించి రిజిస్టర్ చేయించాం. ఎవరి వాటా ఎంత, అద్దె ఎలా పంచుకోవాలి, ఎవరైనా బయటికి రావాలనుకుంటే ఏం చేయాలి అన్నీ అందులో ఉన్నాయి. ఇటుక మీద చెయ్యి వేయకముందే ఇది అయిపోవడం మంచిదైంది. తర్వాత ఖర్చు పెరిగినప్పుడు ఎవరూ మాటా మాటా అనుకోలేదు.

వాడకం ఏది అన్నదాని మీద చాలా చర్చ జరిగింది. ఊళ్లో అందరూ చెప్పింది ఫంక్షన్ హాలు. డబ్బు దానిలోనే ఉంది, నిజమే. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో వెయ్యి మంది, డీజే, వంటల మంటలు, పైన ఎండిన టేకు చెక్క. నాకు ధైర్యం చాలలేదు. ముంబైలో కమలా మిల్స్ ఆవరణలో రూఫ్‌టాప్ పబ్బుల్లో 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి మంటలు లేచి 14 మంది పోయారు. పాత బట్టల మిల్లు ఆవరణలోకి రెస్టారెంట్లు, ఆఫీసులు వచ్చి చేరాయి గానీ బయటికి పరుగెత్తే దారుల సంగతి వెనకబడింది. ఆ వార్త చదివినప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది.

బ్యాడ్మింటన్ కోర్టులు పెడదామన్నాడు ఒక స్నేహితుడు. కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. పొడవు వెడల్పులు సరిపోతాయి. కానీ షటిల్ లేవడానికి కనీసం తొమ్మిది మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. మా ట్రస్సుల అడ్డదూలం పద్దెనిమిది అడుగుల దగ్గరే ఉంది. కోర్టు కావాలంటే ట్రస్సులు కోయాలి. ట్రస్సులు కోశాక ఇక మిగిలేది ఏముంటుంది? అప్పుడే నాకు స్పష్టంగా అర్థమైంది. వాడకాన్ని ముందు నిర్ణయించుకుని భవనాన్ని దానికి తగ్గట్టు నరకడం కాదు, భవనం ఇప్పటికే ఏం చేయగలదో చూసి దానికి సరిపడే వాడకాన్ని వెతకాలి. మా భవనం చేయగలిగింది నిలకడైన ఉత్తరం వెలుతురు ఇవ్వడం. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో ఇరుకు గదుల్లో ట్యూబ్‌లైట్ల కింద, పక్కవాడి మోచెయ్యి తగులుతూ చదువుకునే పిల్లలు వేలల్లో ఉన్నారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలు. వాళ్లకు కావాల్సింది సరిగ్గా ఈ వెలుతురే.

మూడు వరసల గోడౌన్‌లో ఉత్తరం వైపు రెండు వరసలు రీడింగ్ హాలుకు అనుకున్నాం. దక్షిణం వరసలో వెలుతురు తక్కువ, గొంతు మాత్రం బాగా పలుకుతుంది. దాన్ని నాటకాల రిహార్సల్స్‌కు, చిన్న సభలకు ఉంచాం. గుంటూరు, తెనాలి వైపు పరిషత్ నాటకాలు ఆడే సమాజాలకు రాత్రిపూట రిహార్సల్‌కు చోటు దొరక్క ఎంత అవస్థ పడతాయో మా బాబాయ్ చెప్పేవాడు. ఆయన కూడా ఒకప్పుడు వేషం కట్టినవాడే.

ఇక అనుమతులు. మాస్టర్ ప్లాన్ మ్యాపులో మా వీధి మొత్తం ఊదారంగులో, అంటే పరిశ్రమల జోన్‌లో ఉంది. చుట్టూ ఇళ్లు, ఆస్పత్రులు వచ్చి చాలా ఏళ్లయినా కాగితం మీద అది ఇంకా పరిశ్రమే. వాడకం మారాలంటే భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టాలి. నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు, చార్జీలు కట్టాలి, తర్వాత ఉత్తర్వు. దీనికి నెలలు పడుతుంది, ఆ లెక్క వేసుకునే దిగాలి. ఈలోగా భవనం పరీక్షలు, శుభ్రం చేయడం లాంటి అనుమతి అక్కర్లేని పనులు పెట్టుకున్నాం. కరెంటు సర్వీసు కూడా పరిశ్రమల కేటగిరీ మూడు నుంచి వాణిజ్య కేటగిరీ రెండుకు మార్చుకోవాలి. మార్చకుండా వాడితే తనిఖీల్లో పెనాల్టీ పడుతుంది. ఫైర్ విషయంలో, జనం గుమిగూడే భవనానికి స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఎన్‌వోసీ అవసరం. మాకు రెండూ దాటాయి. ప్లాను గీసే దశలోనే ఫైర్ సలహాదారుణ్ణి పిలవడం వల్ల తర్వాత గోడలు పగలగొట్టాల్సిన అవసరం రాలేదు. లారీల కోసం పెట్టిన పాత తలుపులు రెండు వైపులా ఎదురెదురుగా ఉన్నాయి. వాటిని బయటికి తెరుచుకునేలా మార్చి అవే అత్యవసర దారులు చేశాం. ఇది కూడా పాత భవనం పుణ్యమే. బేళ్లు ఎత్తుకుని ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచే వెడల్పు ఉండేది ఆ తలుపులకు.

అన్నింటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది గోడల పగుళ్లు. పశ్చిమం గోడ మీద కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా పైకి ఎక్కిన పగులు ఉంది. వేలు దూరేంత వెడల్పు. చూసినవాళ్లంతా "ఇంకేముంది, పడిపోతుంది" అన్నారు. విజయవాడ నుంచి వచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు మాత్రం పగులును కాసేపు చూసి, అడుగున మట్టి తవ్వించి చూసి, "ఇది పాతదా కొత్తదా అన్నది తేలాలి" అన్నారు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పునాది దానితో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది.

ఆయన చేయించిన పరీక్ష చూడటానికి చాలా చిన్నది. సన్నటి గాజు పలకలు, అగ్గిపెట్టె పొడవువి, పగులుకు అడ్డంగా పెట్టి రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గోడకు అతికించారు. ఒక్కో పలక మీద తేదీ రాశారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడాలన్నారు. కుటుంబంలో అందరికీ ఆ ఆలస్యం కష్టమనిపించింది. నేను మాత్రం వారం వారం వెళ్లి గాజులు చూసి ఫొటోలు తీసి ఆయనకు పంపేదాన్ని. వానాకాలంలో రెండు విరిగాయి, రెండూ ఒకే చోట, నైరుతి మూల. మిగతావి ఎండలు ముదిరినా చెక్కు చెదరలేదు.

నైరుతి మూల ఎందుకు కదిలిందో వెతికితే కారణం బయటే దొరికింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తూ పోయారు. మా గోడౌను గచ్చు కంటే రోడ్డు ఎత్తయింది. వాన నీళ్లన్నీ ఆ మూలకు చేరి పునాది దగ్గర ఇంకుతున్నాయి. దానికి తోడు అక్కడే ఒక పాత కుళాయి పైపు లీకవుతోంది. మేం పునాదిని కదపలేదు. గోడ వెంబడి పెరిగిన మట్టిని పాత మట్టం దాకా తీసేసి, వాలుగా కాలువ కట్టి, చుట్టూ నీళ్లు లోపలికి దిగకుండా వెడల్పుగా గచ్చు చేయించాం. పైపు మార్చాం. తర్వాతి వానాకాలం కొత్త గాజు పలకలు విరగలేదు. అప్పుడు పగుళ్లను సున్నంతో నింపి, అక్కడక్కడ ఇటుక వరసల మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పెట్టి కుట్టారు. గోడ మొత్తం పడగొట్టి కట్టాలన్న మొదటి అంచనాతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు.

కప్పు మాత్రం చిన్న ఖర్చు కాలేదు. మొత్తం డబ్బులో సగానికి దగ్గరగా దానికే అయింది. మధ్య వరస మీద ఒకప్పుడు బెంగళూరు పెంకులే ఉండేవి. 1977 తుపానుకు లేచిపోతే తాతగారు సిమెంటు రేకులు వేయించారు. అవి ఆస్బెస్టాస్ రేకులు. వాటిని తీసేటప్పుడు సుత్తితో కొట్టి ముక్కలు చేయడం మన దగ్గర మామూలే. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే దశాబ్దాల తర్వాత ప్రాణం మీదికి వస్తుంది. మేం పనివాళ్లకు సరైన మాస్కులు ఇచ్చి, రేకులు తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా కిందికి దింపి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టించాం. కాంట్రాక్టరు మొదట విసుక్కున్నాడు. పనివాళ్లలో ఒకతను తన చిన్నాన్న రేకుల ఫ్యాక్టరీలో చేసి దగ్గుతో పోయాడని చెప్పాక ఎవరూ తొందరపెట్టలేదు.

ట్రస్సులను మా వడ్రంగి పరీక్షించిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పరంజా మీద కూర్చుని చిన్న సుత్తితో ప్రతి దూలాన్నీ ఒక చివర నుంచి కొట్టుకుంటూ పోయేవాడు. గట్టి చెక్క ఖణేల్‌మంటుంది. డొల్ల పడినచోట శబ్దం చచ్చిపోతుంది. అక్కడ ఉలి గుచ్చి ఎంత లోతు దిగుతుందో చూసి సుద్దతో గుర్తు పెట్టేవాడు. నడి దూలాలన్నీ బాగున్నాయి. పాడైనవి గోడలో దూరిన చివరలు మాత్రమే. రెండు కప్పుల మధ్య నీళ్లు పోయే తూము చిల్లులు పడి, ఆ నీరు గోడలోకి దిగి చెక్క చివరలను తినేసింది. ఆ చివరల వరకే కోసి, పాత తలుపుల నుంచి తీసిన టేకుతో అతుకు వేసి, రెండు వైపులా ఉక్కు పట్టీలు పెట్టి బోల్టులు బిగించారు. కొత్త చివరలకు గోడలో చుట్టూ గాలి ఆడే సందు వదిలారు. "గాలి తగిలితే టేకుకు చావు లేదమ్మా" అన్నాడు వడ్రంగి. కొత్త తూము వెడల్పు పెంచి, ఆకులు అడ్డుపడకుండా జాలీ వేశాం. పెంకుల్లో పగలనివి కడిగి మళ్లీ వాడాం. మిగతావి కూల్చేస్తున్న పాత ఇళ్ల నుంచి కొన్నాం. కొలతలు ఒకటే కావడంతో చక్కగా కూర్చున్నాయి.

గోడల లోపలి వైపు ఎప్పుడో సిమెంటు పూత వేశారు. సున్నం గోడ మీద సిమెంటు వేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. ఇటుకలోనే ఆగి ఉప్పు పూసి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఆ పూత మొత్తం తీయించాం. మళ్లీ సున్నంతోనే పూయాలంటే ఆ పని తెలిసిన మేస్త్రి దొరకాలి. బాపట్ల దగ్గర ఒక ఊరిలో దేవాలయాల పని చేసే పెద్దాయన దొరికారు. గుంటలో సున్నం నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో ఆడించి, బెల్లం నీళ్లు, కరక్కాయలు నానిన నీళ్లు పోసి మగ్గనిచ్చారు. పూత పూశాక తడి ఆరకుండా తడిగోనెలు కట్టాలి, తొందరగా ఆరితే బీటలు. సిమెంటుకు అలవాటుపడ్డ కుర్రాళ్లు ఆయన దగ్గర ఆ పని నేర్చుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు అదే పని మీద వేరే ఊళ్లకు వెళుతున్నారు.

ఒకచోట మాత్రం పూత వేయనివ్వలేదు. దక్షిణం వరసలో తలుపు పక్కన నల్ల నూనె రంగుతో రాసిన బేళ్ల గుర్తులు, గ్రేడుల అక్షరాలు, బరువుల లెక్కలు ఉన్నాయి. మెల్లగా బ్రష్షుతో దుమ్ము దులిపి, మీద ఏమీ పూయకుండా ఉంచేశాం. పెయింటరు నాలుగుసార్లు అడిగాడు, "మేడమ్, ఈ ముక్క మురికిగా కనపడుతుంది, కొట్టేయనా" అని. వద్దన్నాను. పాత కాటాను కూడా అక్కడే ఉంచాం.

లోపల మెజానైన్ అంతస్తు, అంటే నేలకూ కప్పుకూ మధ్యలో ఇంకో అంతస్తు, వేస్తే సీట్లు రెట్టింపు అవుతాయని కాంట్రాక్టరు పట్టుబట్టాడు. పాత గోడల మీద ఆ బరువు పెట్టడానికి ఇంజనీరు ఒప్పుకోలేదు. రీడింగ్ హాలు అంతస్తుకు చదరపు మీటరుకు 400 కిలోల బరువు లెక్కగట్టాలి. చివరికి ఒక్క చివర మాత్రం, సొంత పునాదులు, సొంత ఉక్కు స్తంభాలతో, గోడను ఎక్కడా తాకని చిన్న అంతస్తు వేశాం. పీవోపీ ఫాల్స్ సీలింగు కూడా వద్దన్నాం. అది వేస్తే పైనున్న గవాక్షాలన్నీ మూసుకుపోతాయి, వేడి గాలి బయటికి పోయే దారే ఉండదు. గుంటూరు ఎండలు తెలిసినవే. మే నెల మధ్యాహ్నాలు ఫ్యాన్ల కింద కష్టంగానే ఉంటుంది. అందుకని ఒక భాగాన్ని అద్దాలతో వేరు చేసి ఏసీ పెట్టాం. మిగతా నెలల్లో దాని అవసరం పెద్దగా పడటం లేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా లైట్లు వేయాల్సిన పని లేదు, కరెంటు బిల్లులో ఆ తేడా తెలుస్తోంది.

మొదలుపెట్టకముందు ఇవన్నీ ఇంకెక్కడ జరిగాయా అని చాలా చదివాను, కొన్ని చూశాను. లండన్‌లో 1981లో మూతపడిన బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్‌ను 2000లో టేట్ మోడర్న్ మ్యూజియంగా తెరిచారు. టర్బైన్లు ఉన్న పెద్ద హాలును ఖాళీగా అలాగే ఉంచేశారు. కొచ్చిలో పాత వ్యాపార గిడ్డంగులైన ఆస్పిన్‌వాల్ హౌస్‌లో 2012 నుంచి బినాలే కళా ప్రదర్శనలు జరుగుతున్నాయి. అక్కడ తిరిగినప్పుడు పాత మిరియాల గోడౌన్లకూ మా పొగాకు గోడౌన్‌కూ పెద్ద తేడా లేదనిపించింది. హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలను 2022లో మ్యూజియం చేశారు. అదే హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలం నాటి థర్మల్ పవర్ స్టేషన్‌ను కూల్చేశారు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు, వేలమందికి అన్నం పెట్టిన మిల్లు, ఇప్పుడు చాలావరకు ప్లాట్లు. లండన్ దాకా పోనక్కర్లేకుండానే మన దగ్గర పోగొట్టుకున్నవి తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఉంచి ఉంటే ఆ మిల్లు షెడ్లలో ఒక కాలేజీ నడిచి ఉండేది, ఒక మార్కెట్ నడిచి ఉండేది.

హాలు తెరవడానికి ముందు, ఇక్కడ పని చేసిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారేమో కనుక్కోమని పెద్దనాన్నను అడిగాను. చుట్టుపక్కల పేటల నుంచి కొంతమంది వచ్చారు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. ఒకావిడ నేరుగా ఉత్తరం గోడ దగ్గరికి వెళ్లి మూడో కిటికీ కింద నిలబడింది.

"ఇదిగో, ఇక్కడే నా పీట. కిటికీ పక్కన చోటు అందరికీ ఇచ్చేవాళ్లు కాదమ్మా. చెయ్యి తిరిగినవాళ్లకే."

"ఎలా ఏరేవారు మామ్మా?" అని అడిగితే, ఎడమ చేత్తో ఆకు కాడ పట్టుకున్నట్టు పట్టి, కుడి చేతి బొటనవేలితో ఆకు మీద నిమిరి, వెలుతురుకు తిప్పి చూపించింది. ఆకు రంగు ఒక్కటే కాదు, మెత్తదనం, మచ్చలు, పొడవు అన్నీ ఒక్క చూపులో తేల్చేయాలట. కూలి రేట్ల కోసం సమ్మె చేసిన సంగతి, దుమ్ముకు తల తిరిగి వాంతులైన సంగతి, బిడ్డను గోడ పక్కన పడుకోబెట్టి పని చేసిన సంగతి కూడా చెప్పింది. తాతగారి గొప్పతనం గురించి మా ఇంట్లో విన్న కథల్లో ఇవేవీ లేవు. అవి కూడా ఈ భవనం చరిత్రే కాబట్టి ఆమె అనుమతితో ఆ మాటలు రాసి, బేళ్ల గుర్తులు ఉన్న గోడ పక్కన పెట్టాం. ఆమె మనవరాలు ఇప్పుడు ఇక్కడే డీఎస్సీకి చదువుతోంది. ఆ అమ్మాయి దగ్గర ఫీజు తీసుకోవడం లేదు.

హాలు నిండటానికి ఎక్కువ కాలం పట్టలేదు. అపార్ట్‌మెంట్ ఇచ్చేంత డబ్బు ఇది ఇవ్వదు, ఆ మాట ఇంట్లో ముందే చెప్పాను. పన్నులు, జీతాలు, మరమ్మతులు పోను వాటాదారులకు ప్రతినెలా ఎంతో కొంత అందుతోంది. అపార్ట్‌మెంట్ గురించి అడిగిన బాబాయ్ కొడుకు ఇప్పుడు సాయంత్రాలు వచ్చి లెక్కలు చూస్తున్నాడు.

ఇంకా మిగిలిన పని ఉంది. కోతులు పెంకులు లేపి పగలగొడుతున్నాయి, ప్రతి వానాకాలం ముందు పైకెక్కి సర్దించాల్సిందే. రిహార్సల్ వరస గోడ నుంచి రాత్రిపూట శబ్దం రీడింగ్ హాలులోకి వస్తోందని పిల్లలు అంటున్నారు. మధ్య తలుపులకు మందపాటి చెక్క కడుతున్నాం. మా వీధిలోనే ఇంకో గోడౌను యజమాని వచ్చి పగుళ్లు చూపించి, కూల్చాలా ఉంచాలా అని అడిగారు. ముందు గాజు పలకలు అతికించమని చెప్పి, ఇంజనీరు గారి నంబరు ఇచ్చాను. ఈ జూన్ వానలకు వాటి సంగతి తెలుస్తుంది.